గాలానికి పడిన ఏటి చేప వివరాలు నమోదు చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నారాయణపురం ఆనకట్ట దిగువన, గొట్టా బ్యారేజీ గట్టున, తాటిపూడి, మడ్డువలస జలాశయాల అంచున ఏ ఆదివారం చూసినా గాలం, బకెట్టు పెట్టుకుని ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. ఏ చేప పడింది, ఎక్కడ పడింది, ఎప్పుడు పడింది అన్నది మాత్రం ఎక్కడా రాసి ఉండదు. సాయంత్రానికి చేప పులుసవుతుంది, దాంతో పాటే వివరమూ పోతుంది. ఆ వివరాన్ని రాసిపెడితే చేపల మీద పరిశోధన చేసేవాళ్ళకి పనికొస్తుంది. ఎలా రాయాలి, ఎక్కడ పెట్టాలి, పెడితే మనకేమైనా ఇబ్బందా అని శ్రీకాకుళం, విజయనగరం వైపు గాలం వేసే మిత్రులు పదేపదే అడిగే ప్రశ్నలకి జవాబులివి. ‘ఏటి చేప’ అని ఇక్కడ అంటున్నది నదులు, గెడ్డలు (వాగులు), చెరువుల్లో ఎవరూ తెచ్చి వదలకుండా తరతరాలుగా తనంతట తాను బతుకుతున్న చేప గురించి.

నేను పెట్టే ఒక్క ఫొటోతో సైన్సుకి ఏం ఒరుగుతుంది?

ఒక్క ఫొటోతో పెద్దగా ఏమీ ఒరగదు. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. వంశధార పొడవునా పదిమంది, నాలుగైదేళ్ళ పాటు, తేదీ, చోటు తప్పకుండా పెడితే అప్పుడు కథ మారుతుంది. ఫలానా చేప ఎంత ఎగువ వరకు ఉంది, ఏ నెలలో గుడ్లతో కనిపిస్తోంది, ఒకప్పుడు దొరికిన చోట ఇప్పుడు దొరకడం మానేసిందా, బయటి నుంచి వచ్చిన కొత్త చేప ఏ చెరువులో మొదట కనిపించింది లాంటివి తెలుస్తాయి. పరిశోధకులు ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి కొన్ని చోట్ల వల వేసి చూసుకుని వెళ్ళగలరు. గట్టున వారం వారం కూర్చునేది మనం.

చేపల లెక్క మత్స్యశాఖ చూసుకోదా?

చూసుకుంటుంది, కానీ ఆ లెక్క ప్రధానంగా ఉత్పత్తి కోసం: ఎన్ని టన్నులు పట్టారు, ఎన్ని పిల్లల్ని వదిలారు అని. బజారులో ధర పలకని చేపకి ఆ పట్టికలో చోటు దొరకడం కష్టం. మనం రాసేది దానికి పోటీ కాదు, అందులో పడకుండా జారిపోయేదాన్ని పట్టుకోవడం.

పెద్ద చేప పడితే పెడతాను సరే, పరిగెలూ జెల్లలూ కూడా పెట్టాలా?

ముందు పెట్టాల్సినవి అవే. మనలో చాలామందికి ఒక అలవాటుంది. వాలుగ పడితే పది ఫొటోలు, స్టేటస్ పెట్టడం, బంధువులకి వీడియో కాల్. పరిగె పడితే ‘చిల్లర’ అని ఎరకి వాడేయడమో, పిల్లికి వేయడమో. ఈ చిల్లర గురించే పరిశోధకుల దగ్గర సమాచారం తక్కువ. కొరమేను గురించి, బొచ్చె గురించి రాసినవి లెక్కలేనన్ని ఉన్నాయి. చంపావతి ఏట్లో ఈ రోజు ఎన్ని రకాల పరిగెలు మిగిలాయో గట్టున కూర్చునేవాడు చెప్పకపోతే చెప్పేవాళ్ళు అరుదు.

పైగా ఏట్లో మార్పు ముందు తెలిసేది ఈ చిన్న చేపల దగ్గరే. ఇసుక తవ్వేస్తే ఇసుకలో దూరి బతికే దొందులకి తావు పోతుంది. కొండల్లోంచి వచ్చే గెడ్డల్లో రాళ్ళని అంటిపెట్టుకుని పాచి తినే చిన్న చేపలుంటాయి. నీళ్ళు బురదగా మారి రాళ్ళ మీద మట్టి పేరుకుంటే అవి పోతాయి. పెద్ద చేప మాత్రం ఇంకొన్నేళ్ళు నెట్టుకొస్తుంది, అందుకని మనకి అంతా బాగున్నట్టే ఉంటుంది. తేలినీలాపురానికి ఏటా వచ్చి గూళ్ళు కట్టే పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు పిల్లల్ని సాకేది ఈ చుట్టుపక్కల నీళ్ళలోని చేపలతోనే. పక్షులు చూడటానికి వెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళు చాలామంది, అవి తినే చేపని ఫొటో తీసేవాళ్ళు దాదాపు లేరు.

కాబట్టి గాలానికి చిన్నది పడితే విసుక్కోకుండా ఒక్క ఫొటో తీయండి. పిల్లలు చిన్న గాలాలతో పట్టేవి కూడా ఇలాంటివే. వాళ్ళ బకెట్లో మన బకెట్లో కన్నా ఎక్కువ రకాలు ఉండటం మామూలే.

ఎక్కడ నమోదు చేయాలి?

ఇప్పటికి సులువైనది ఐనాచురలిస్ట్ అనే ఉచిత యాప్. 2008లో మొదలైంది. మొక్కలు, పక్షులు, పురుగులు, చేపలు ఏవైనా ఫొటోతో పెట్టొచ్చు. గట్టున సిగ్నల్ లేకపోయినా ఫోన్లో దాచుకుని ఇంటికొచ్చాక పంపొచ్చు. మీరు పెట్టిన ఫొటోని చూసి మిగతా సభ్యులు ఇది ఫలానా చేప అని చెబుతారు. తేదీ, చోటు, ఫొటో ఉండి, గుర్తుపట్టినవాళ్ళలో మూడింట రెండొంతుల కన్నా ఎక్కువమంది ఒకే జాతి పేరు చెబితే అది ‘పరిశోధన స్థాయి’ రికార్డు అవుతుంది. లైసెన్సు అనుమతించిన రికార్డులు అక్కడి నుంచి జీబీఐఎఫ్ అనే అంతర్జాతీయ సమాచార నిధికి వెళతాయి. పరిశోధకులు దించుకునేది చాలావరకు అక్కడి నుంచే. మన దేశంలో నడిచే ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ కూడా ఇలాంటిదే, అందులోనూ పెట్టొచ్చు. ఒకే చేపని రెండింట్లో పెడితే మాత్రం ఆ సంగతి నోట్సులో రాయండి, లేకపోతే ఒక చేప రెండుగా లెక్కకొస్తుంది.

యాప్ ఫొటో చూడగానే తనే ఒక పేరు సూచిస్తుంది. కొరమేను లాంటి వాటికి పర్వాలేదు. పరిగెలు, జెల్లల దగ్గర ఆ సూచనని గుడ్డిగా నొక్కకండి. తెలియకపోతే ‘చేప’ అని మాత్రం పెట్టి వదిలేయండి, తెలిసినవాళ్ళు చూసుకుంటారు. తప్పు పేరు కన్నా పేరు లేకపోవడం మేలు.

స్మార్ట్‌ఫోన్ లేదు, యాప్‌లు చేతకావు. ఎలా?

నోటుపుస్తకం చాలు. తేదీ, ఊరు, ఏరో గెడ్డో చెరువో దాని పేరు, చేప పేరు, పొడవు, ఎన్ని పడ్డాయి. ఇంట్లో చదువుకునే పిల్లలెవరైనా ఉంటే తర్వాత ఎక్కిస్తారు. ఫొటో లేని రికార్డుకి విలువ తక్కువే గానీ, ఏళ్ళ తరబడి ఒకే రేవులో ఒకే చేతితో రాసిన పుస్తకం దొరికితే ఏ పరిశోధకుడైనా కళ్ళకద్దుకుంటాడు.

ఫొటో ఎలా తీయాలి?

చేపని రెండు చేతులతో ముందుకి చాపి, తను వెనక నవ్వుతూ నిలబడే ఫొటో అందరి దగ్గరా ఉంటుంది. అందులో అడుగు చేప గజం చేపలా కనిపిస్తుంది. ఉంచుకోండి, తప్పులేదు. కానీ నమోదుకి పనికొచ్చేది వేరు.

తడి గడ్డి మీదో, తడిపిన గోనెసంచి మీదో చేపని పక్కకి పడుకోబెట్టండి. తల ఎడమవైపు ఉండేలా, చేప మొత్తం, మూతి నుంచి తోక కొస దాకా ఫ్రేములో పడేలా, నేరుగా పై నుంచి తీయండి. వేలితో వీపు రెక్కని మెల్లగా నిలబెడితే రెక్కలోని ముళ్ళు లెక్కపెట్టడానికి వీలవుతుంది. పక్కన స్కేలు పెట్టండి. స్కేలు లేకపోతే పది రూపాయల నాణెం పెట్టండి, అడ్డం 27 మిల్లీమీటర్లు ఉంటుంది. అగ్గిపెట్టెలు, బీడీ కట్టలు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి కొలతకి పనికిరావు.

ఆ తర్వాత దగ్గర నుంచి ఇంకో రెండు. ఒకటి తల, మూతి, మీసాలు. మీసాలు ఎన్ని జతలో, ఎంత పొడుగో కనిపించాలి. జెల్ల జాతుల్ని విడదీసేవి ఇవే. రెండోది తల పైభాగం, ముఖ్యంగా మార్పు అనే మీసాల చేప, క్యాట్‌ఫిష్ లాంటి వాటికి. ఎండ నేరుగా పడితే పొలుసులు మెరిసి ఏమీ కనిపించదు, మీ నీడ పడేలా నిలబడి తీయండి. చచ్చి రంగు పోయిన చేప కన్నా పడిన వెంటనే తీసిన ఫొటో నయం.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఫొటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే అందులో దాగి ఉండే చోటు, సమయం వివరాలు పోతాయి, నాణ్యతా తగ్గుతుంది. మిత్రుడికి పంపి పెట్టించేటట్టయితే డాక్యుమెంట్‌గా పంపండి.

పొడవు, బరువు ఎలా కొలవాలి?

మూతి కొస నుంచి తోక చివరి కొస దాకా కొలిస్తే అది మొత్తం పొడవు. తోక చీలిక లోపలి మూల దాకా కొలిచేది ఇంకో పద్ధతి. ఏదైనా ఫర్వాలేదు, ఏది కొలిచారో రాయండి. కొరమేను తోక గుండ్రంగా ఉంటుంది కనుక దానికి ఈ గొడవ లేదు. టేపుని పొట్ట మీదుగా ఒంపు తిప్పి కొలవకండి, పొడవు ఎక్కువొస్తుంది.

బరువు కోసం దవడకి కొక్కెం తగిలించి వేలాడదీస్తే చేప దెబ్బతింటుంది. వల సంచీలో వేసి తూచి, సంచీ బరువు తీసేయండి. తూచకుండా చూపు మీద చెబితే ‘అంచనా’ అని రాయండి. మన గాలం అంచనాలు ఎటు మొగ్గుతాయో అందరికీ తెలిసిందే.

ఏమీ పడని రోజు కూడా రాయాలా?

రాయాలి. చాలామంది నమ్మరు గానీ, పరిశోధనకి ఇది చేప పడిన రోజంత ముఖ్యం.

ఇలా ఆలోచించండి. ఒకాయన నెలలో ఐదు మార్పు చేపలు పట్టానని రాశాడు. బాగా దొరుకుతున్నట్టా, లేనట్టా? రెండు పూటలు కూర్చుని పడితే బాగున్నట్టు. ఇరవై పూటలు కూర్చుని పడితే బాగాలేనట్టు. ఖాళీ చేతులతో వచ్చిన పూటలు రాయకపోతే ఆ తేడా కాగితం మీద కనిపించదు. అందుకే శాస్త్రవేత్తలు గంటకి ఎన్ని పడ్డాయి అన్న లెక్క చూస్తారు. ఎన్ని గంటలు కూర్చున్నారు, ఎన్ని గాలాలు వేశారు, ఎర ఏమిటి అన్న మూడూ రాస్తే ఆ లెక్క కుదురుతుంది. వానపాముకి పడే చేప వేరు, మైదా ముద్దకి వచ్చేది వేరు, చిన్న కప్పకి వచ్చేది వేరు. కాబట్టి ఎర రాయకపోతే రెండు రోజుల్ని పోల్చలేరు.

యాప్‌లో ఖాళీ రోజుని పెట్టడానికి వీలుండదు. అది నోటుపుస్తకంలోనే రాసుకోవాలి. ఊళ్ళో ‘ఏమైనా పడ్డాయేటి?’ అని అడిగితే ‘లేదురా బాబూ’ అంటూ తలొంచుకుని పోవడం మన అలవాటు. పుస్తకంలో మాత్రం తలెత్తుకునే సున్నా వేయొచ్చు.

తెలుగు పేరు రాస్తే సరిపోతుందా?

తెలుగు పేరు తప్పకుండా రాయండి, ఫొటో కూడా పెట్టండి. ఎందుకంటే మన పేర్లలో రెండు చిక్కులున్నాయి. ‘పరిగె’, ‘జెల్ల’ ఒక్కొక్కటీ అనేక జాతులకి కలిపి వాడే పేర్లు. ఇక ఒకే చేపకి టెక్కలిలో ఒక పేరు, సాలూరులో ఒక పేరు ఉండొచ్చు. శాస్త్రీయ నామం మనకి తెలియక్కర్లేదు, అది గుర్తుపట్టేవాళ్ళ పని. మీ ఊరి పేరు వాళ్ళకి తెలియదు కాబట్టి అది మీ పని.

ఇది కొత్త సంగతేమీ కాదు. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉండి, జాలర్లు తెచ్చిన చేపల్ని బొమ్మలు గీయించి, వాళ్ళు చెప్పిన తెలుగు పేర్లతో సహా రాసుకున్నాడు. అలా పోగైన రెండు వందల చేపలు 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. ఈ రోజుకీ మన తీరపు చేపల గురించి రాసేవాళ్ళు దాన్ని తిరగేస్తారు. పేర్లు చెప్పిన జాలర్లు ఎవరన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. యాప్‌లో మీ పేరో, మీరు పెట్టుకున్న మారుపేరో రికార్డు పక్కనే ఉంటుంది.

కొరమేను, మట్టగిడస, పూమేను తేడా ఎలా?

మూడూ పాము తలలాంటి తల ఉన్నవే, చిన్నప్పుడు కలగాపులగంగా ఉంటాయి. మట్టగిడస ఒళ్ళంతా నల్లని చిన్న చుక్కలు ఉంటాయి, అడుగు దాటి పెరగడం అరుదు. పూమేనుకి తోక మొదట్లో పైభాగాన, నారింజ రంగు అంచుతో కన్నులాంటి నల్లమచ్చ ఉంటుంది. ముదిరే కొద్దీ అది చెదిరిపోవచ్చు. పెరిగితే మనిషి నడుము దాకా వచ్చేంత పొడవు కూడా అవుతుంది. ఈ రెండూ లేకుండా వీపు ముదురు రంగులో, పొట్ట తెల్లగా, పక్కన ఏటవాలు చారలతో ఉంటే అది కొరమేను. తెలంగాణ తన రాష్ట్ర చేపగా పెట్టుకున్నది దీన్నే.

పడింది మార్పో, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్షో తెలియడం లేదు.

ఇది జాగ్రత్తగా చూడాల్సిన ప్రశ్న. మన మార్పు ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్రజాబితాలో అంతరించే ప్రమాదంలో ఉన్న చేప. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది, అయినా దొంగచాటుగా పెంచడం ఆగలేదు. అది దొరికినదల్లా మింగుతుంది, మీటరు దాటి పెరుగుతుంది, చెరువు కట్ట తెగితే గెడ్డలోకి వచ్చేస్తుంది.

రెండింటికీ నాలుగు జతల మీసాలు, పొలుసుల్లేని ఒళ్ళు, వీపంతా సాగిన రెక్క ఉంటాయి. అందుకే చూడగానే తేలదు. మూరెడు దాటి లావుగా, ఒంటి మీద పాలరాతి మీద ఉండేలాంటి మరకలతో, తల పలకలా వెడల్పుగా ఉంటే అనుమానించండి. ఖాయంగా తేల్చేది తల వెనక ఎముక ఆకారం. అక్కడ మొన గుండ్రంగా ఉందా, కోసుగా ఉందా అన్నది చూసి తెలిసినవాళ్ళు చెబుతారు. అందుకే తల పైనుంచి ఫొటో తీయమన్నది. ఫొటో లేకుండా ‘మార్పు పడింది’ అని రాస్తే ఆ రికార్డుని ఎటూ వాడలేరు.

జిలేబీ, దెయ్యం చేప లాంటివి పడితే? అవి మనవి కాదు కదా.

తప్పకుండా పెట్టండి. ఏటి చేపల లెక్కలో బయటి చేపల లెక్క సగం. జిలేబీ అని పిలిచే తిలాపియా మొజాంబిక్ రకం మన దేశానికి 1952లో వచ్చింది. ఆడచేప గుడ్లని, పిల్లల్ని నోట్లో పెట్టుకుని కాపాడుతుంది. గాలం తీస్తున్నప్పుడు నోట్లోంచి పిల్లలు రాలితే ఆ సంగతి రాయండి, అక్కడ అది పిల్లల్ని పెడుతోందని రుజువు. దెయ్యం చేప అంటే అక్వేరియం అద్దాలకి అతుక్కునే సక్కర్ చేపే. పెద్దదయ్యాక ఎవరో తెచ్చి చెరువులో వదిలేస్తారు, అక్కడ ఒళ్ళంతా గట్టి పలకలతో వలలు చింపేస్తుంది.

ఇలాంటివి పడితే తిరిగి నీళ్ళలో వేయకండి. బతికుండగా ఇంకో చెరువుకి అసలు తీసుకెళ్ళకండి. తుపాన్ల తర్వాత ఒక నెల రోజులు మరీ శ్రద్ధగా రాయండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పటిలాంటి వానలకి కట్టలు తెగితే పెంపకం చెరువుల్లోవి గెడ్డల్లోకి చేరతాయి. ఏది ఎక్కడికి చేరిందో ముందు తెలిసేది గాలానికే.

బొచ్చె, శీలావతి పడితే?

జలాశయాల్లో, పెద్ద చెరువుల్లో ఇవి ఎక్కువగా పిల్లలుగా తెచ్చి వదిలినవే. పెట్టొచ్చు, కానీ ‘ఇక్కడ పిల్లల్ని వదులుతారు’ అని నోట్సులో రాయండి. డబ్బు కట్టి గాలం వేసే ప్రైవేటు చెరువులో పట్టిందయితే యాప్‌లో ‘పెంచినది’ అని గుర్తు పెట్టండి. పెద్ద జలాశయం ఊసే లేని గెడ్డలో వేలెడంత పిల్ల పడితే మాత్రం అది ఆసక్తికరం.

ఆనకట్టలకి, మన రికార్డులకి సంబంధం ఏమిటి?

వానాకాలం మొదట్లో కొత్తనీరు రాగానే చేపలు ఎదురెక్కడం పల్లెల్లో అందరూ చూసిందే. గుడ్లు పెట్టడానికి ఎగువకి, పక్క కాలవల్లోకి, పొలాల్లోకి పోతాయి. దారిలో ఆనకట్ట ఉంటే అక్కడ ఆగిపోతాయి. అందుకే ఆ రోజుల్లో ఆనకట్ట కింద జనం కిటకిటలాడతారు. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి మన దగ్గర సముద్రంలో కలిసేవి. నాగావళి మీద కింద నారాయణపురం, పైన తోటపల్లి, వంశధార మీద గొట్టా. వీటికి ఎగువన ఏ చేప పడింది, దిగువన ఏది పడింది అన్నది పక్కపక్కన పెట్టి చూస్తే ఏ చేపకి దారి మూసుకుపోయిందో అర్థమవుతుంది.

అన్నింటికన్నా విలువైనది మలుగు చేప రికార్డు. పాములా ఉంటుంది కాబట్టి చాలామంది జంకి గాలం తాడు కోసేస్తారు. మన ఏళ్ళలో పెరిగే పెద్ద మలుగులు గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతాయి, వాటి పిల్లలు తిరిగి సముద్రం నుంచి ఏటి పైకి రావాలి. అంటే ఆనకట్టకి ఎగువన ఒక మలుగు దొరికిందంటే అది ఎలాగో ఆ గోడ దాటి వచ్చిందన్నమాట, లేదా గోడ కట్టక ముందు నుంచీ ఉందన్నమాట. తోటపల్లి పైన ఎవరికైనా మలుగు పడితే తాడు కోసే ముందు ఒక్క ఫొటో తీయండి.

చోటు రాసేటప్పుడు జిల్లా పేరు మీద ఆధారపడకండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. రాజాం, వంగర వైపు విజయనగరంలోకి వచ్చాయి, తోటపల్లి పార్వతీపురం మన్యంలోకి పోయింది. ఏరు, ఊరు, ఆనకట్టకి ఎగువో దిగువో రాసి, ఫోన్లో జీపీఎస్ ఆన్ చేసి ఉంచితే చాలు.

నా స్పాట్ అందరికీ తెలిసిపోదా?

న్యాయమైన భయమే. మంచి చోటు సొంత బావమరిదికి కూడా చెప్పరు. యాప్‌లో చోటుని ‘అస్పష్టం’ చేసే ఏర్పాటు ఉంది. అప్పుడు బయటివాళ్ళకి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు గడిలో ఎక్కడో అని మాత్రమే కనిపిస్తుంది. మీరు నమ్మి చేరిన ప్రాజెక్టు నడిపేవాళ్ళకి కావాలంటే అసలు చోటు చూసే అనుమతి ఇవ్వొచ్చు. ప్రమాదంలో ఉన్న కొన్ని జాతులకి యాప్ తనే ఇలా చేస్తుంది. చోటుని పూర్తిగా దాచేయకండి, కావాలని తప్పు చోటూ పెట్టకండి. తప్పు చోటు పెట్టడం కన్నా అసలు పెట్టకపోవడం నయం.

అనుమతులు ఏమైనా కావాలా?

ఫొటో పెట్టడానికి అక్కర్లేదు. గాలం వేయడానికి మాత్రం ఆ నీళ్ళు ఎవరివో చూసుకోవాలి. ఊరి చెరువులు పంచాయతీ ద్వారానో, మత్స్యకారుల సహకార సంఘానికో లీజుకి ఉంటాయి. వాళ్ళు డబ్బు కట్టి పిల్లల్ని వదిలిన చెరువులో అడగకుండా కూర్చుని, పైగా ‘సైన్సు కోసం’ అనడం బాగోదు. అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. జలాశయాల దగ్గర లైసెన్సు సంగతి మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కోండి. బాంబు పేల్చి, మందు కలిపి చేపలు పట్టడం 1897 నాటి చట్టం నుంచీ నేరమే. అలా పట్టిన చేప ఎంత అపురూపమైనదైనా మన లెక్కలోకి తీసుకోము.

చేపని తిరిగి వదిలేయాలా, తినొచ్చా?

తినొచ్చు. నమోదుకీ, వదలడానికీ ముడి లేదు. తినని చేపయితే, చిన్నదయితే వదిలేయడం మంచిది. చెయ్యి తడిపి పట్టుకోండి, పొడి చెయ్యి ఒంటి మీది జిగురుని లాగేస్తుంది. గాలం లోతుగా మింగితే లాగకుండా తాడు దగ్గరగా కత్తిరించి వదలండి. మార్పు, ఇంగిలాయి, గొరక, కొరమేను గాలి పీల్చగలవు కాబట్టి కాసేపు ఓర్చుకుంటాయి. పరిగెలు, వాలుగ అలా కాదు. ఏప్రిల్, మే ఎండల్లో మిట్టమధ్యాహ్నం ఫొటో కోసం ఐదు నిమిషాలు ఆరబెట్టి వదిలితే అది బతికినట్టు కాదు.

కొరమేను చుట్టూ ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే గాలం వేయొచ్చా?

వేయకండి. తల్లీతండ్రీ ఆ గుంపుని కాస్తూ పక్కనే ఉంటాయి, దగ్గరికి ఏదొచ్చినా మీద పడతాయి. అందుకే అప్పుడు సులువుగా పడతాయి. పెద్దది గాలానికి రాగానే పిల్లల్ని మిగతా చేపలు నిమిషాల్లో తినేస్తాయి. పైనుంచి గుంపుని ఫొటో తీసి, తేదీ రాయండి. పట్టిన చేప ఫొటో కన్నా ఇది మంచి రికార్డు, ఎందుకంటే ఏ నెలలో పిల్లలు పెట్టిందో ఖాయంగా చెబుతుంది.

బజారులో కొన్న చేప, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పెట్టొచ్చా?

వద్దు. శ్రీకాకుళం బజారులో బుట్టలో ఉన్న చేప ఐసు లారీలో భీమవరం వైపు నుంచి వచ్చి ఉండొచ్చు. ఫార్వర్డ్ ఫొటోల సంగతి చెప్పక్కర్లేదు, ఒకే రాకాసి చేప ఏటా ఒక కొత్త జిల్లాలో పడుతుంటుంది.

మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర గాలం వేస్తే అవి ఏటి చేపలా, సముద్రపు చేపలా?

కళింగపట్నం దగ్గర వంశధార మొగలో, కోనాడ దగ్గర చంపావతి మొగలో రెండూ పడతాయి. పండుగప్ప లాంటివి ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరుగుతుంటాయి. అన్నీ పెట్టండి. నీళ్ళు ఆ సమయంలో ఉప్పగా ఉన్నాయా, చప్పగా ఉన్నాయా, పోటా పాటా అన్నది ఒక ముక్క రాస్తే చాలు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పుతీరంలో మరపడవల వేట ఆపుతారు. గట్టు మీద నుంచి వేసే గాలం ఆ నిషేధం కిందకి రాదు. రంపం మూతి చేపలు, సముద్రపు గుర్రాలు వన్యప్రాణి చట్టం కింద ఉన్నవి. పొరపాటున పడితే వెంటనే వదలాలి, ఇంటికి తేకూడదు.

ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే?

దాని ఛాతీ రెక్క ముల్లులో విషం ఉంటుంది. ప్రాణం పోదు గానీ గంటల తరబడి సలుపుతుంది. చేయి కాలనంత వేడినీళ్ళలో అరగంటకి పైగా ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ముల్లు విరిగి లోపల ఉండిపోతే, వాపు పెరిగితే ఆసుపత్రికి వెళ్ళాలి, టెటనస్ ఇంజెక్షన్ సంగతి అడగాలి. కొత్తగా వచ్చినవాళ్ళు ఫొటో కోసం దాన్ని చేత్తో సర్దబోయే గుచ్చించుకుంటారు. తడిగుడ్డతో పట్టుకోండి.

చేపలు గుంపుగా చచ్చి తేలితే ఏం చేయాలి?

ముందు ఫొటోలు, వీడియో, తేదీ, సమయం. ఏ రకాలు చచ్చాయో వీలైనన్ని విడివిడిగా తీయండి. అన్నీ చచ్చాయా, కొన్ని రకాలేనా అన్నది కారణం పట్టిస్తుంది. తెల్లవారుజామున మాత్రమే తేలి, గాలి పీల్చే మార్పు, కొరమేను బతికి ఉంటే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి ఉండొచ్చు. అవి కూడా చస్తే ఏదో కలిసిందేమో అనుకోవాలి. నీళ్ళ రంగు, వాసన, ఆ పైన కాలవ ఎక్కడి నుంచి వస్తోందో రాయండి. ఏరి తెచ్చి వండకండి, ఎండబెట్టకండి, కోళ్ళకి వేయకండి. యాప్‌లో పెట్టే ముందే మత్స్యశాఖకి, కాలుష్య నియంత్రణ మండలికి ఫోన్ చేయండి. నీళ్ళ నమూనా వాళ్ళు తీయాలి, అది కూడా ఆ రోజే తీయాలి.